హెలెస్ స్మారకం

హెలెస్ స్మారకం టర్కీలోని గల్లిపోలి ద్వీపకల్పం దక్షిణపు కొసన, సముద్రానికి ఎదురుగా ఉన్న యుద్ధ స్మారకం. మొదటి ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సేనలు 1915 ఏప్రిల్ 25న ఈ తీరంలో దిగాయి. 1916 జనవరి 9న చివరి దళం తిరిగి ఓడలెక్కే దాకా ఇక్కడ పోరు సాగింది. ఆ పోరులో చనిపోయి సమాధి జాడ తెలియకుండా పోయిన బ్రిటిషు, భారత సైన్యాలవారి పేర్లను, కొందరు ఆస్ట్రేలియన్ల పేర్లను ఈ స్మారకంపై చెక్కారు. ఇరవై వేలకు పైగా ఉన్న ఆ పేర్లలో భారత సైన్యానికి చెందినవి 1,530.

ఈ కట్టడం రెండు ప్రయోజనాలతో వెలసింది. గల్లిపోలి దండయాత్ర మొత్తానికీ కామన్‌వెల్త్ దేశాల తరఫున నిలిచిన యుద్ధ స్మారకం ఇదే. సమాధి దొరకని మృతులను పేరుపేరునా స్మరించే చోటు కూడా ఇదే. దీని రూపశిల్పి స్కాట్లండ్‌కు చెందిన సర్ జాన్ బర్నెట్. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ నిర్వహణ చూస్తోంది.

స్థానం, భౌగోళిక స్వరూపం

గల్లిపోలిని టర్కీవారు గెలిబోలు అంటారు. ఏజియన్ సముద్రానికి, డార్డనెల్స్ జలసంధికి నడుమ నైరుతి దిశగా చొచ్చుకుపోయిన సన్నని ద్వీపకల్పం ఇది. దాని చివరి కొసే హెలెస్ అగ్రం. స్మారకానికి దగ్గరి ఊరు సెద్దుల్‌బహీర్. ఈ ప్రాంతం చనక్కలె రాష్ట్రంలోకి వస్తుంది.

డార్డనెల్స్ జలసంధి పొడవు సుమారు 61 కిలోమీటర్లు. చనక్కలె పట్టణం దగ్గర దాని వెడల్పు సుమారు 1.2 కిలోమీటర్లే. ఏజియన్ సముద్రం నుంచి మర్మరా సముద్రానికి, అక్కడి నుంచి ఇస్తాంబుల్ మీదుగా నల్లసముద్రానికి పోయే ఓడలన్నీ ఈ ఇరుకు దారినే పోవాలి. హెలెస్ కొస ఈ దారికి వాకిలిలో ఉంది. 1915 నాటి యుద్ధానికి కారణం ఆ ఉనికే. స్మారకానికి ఈ చోటును ఎన్నుకోవడంలోనూ అదే పనిచేసింది. జలసంధిలోకి వచ్చిపోయే ఓడలకు ఈ స్తంభం కనిపిస్తుంది.

ఇక్కడి తీరంలో ఎక్కువ భాగం నిటారు మట్టిగట్లు. వాటి మధ్య అక్కడక్కడ చిన్న ఇసుక మేటలున్నాయి. సైన్యం దిగడానికి వీలైనవి అవే. లోపలికి పోయేకొద్దీ నేల మెల్లగా లేచి, కొన్ని కిలోమీటర్ల అవతల అచీ బాబా అనే కొండ దగ్గర ఎత్తుకు చేరుతుంది. టర్కీవారు ఆ కొండను అల్చితెపె అంటారు. మైదానంలో పడమటి గట్టుకు సమాంతరంగా లోతైన వాగులోయ ఒకటుంది. బ్రిటిషువారు దానికి గల్లీ రవైన్ అని పేరు పెట్టారు. భారత దళాలు ఎక్కువ నష్టపోయింది ఈ లోయ చుట్టుపక్కలే.

చారిత్రక నేపథ్యం

1914 శరదృతువు చివర ఒట్టోమన్ సామ్రాజ్యం జర్మనీ పక్షాన యుద్ధంలోకి దిగింది. డార్డనెల్స్ అప్పటికే మూతపడి ఉంది. రష్యాకు నల్లసముద్రం మీదుగా సరుకులు చేరే మార్గం తెగిపోయింది. కాకసస్‌లో ఒట్టోమన్ సైన్యం ఒత్తిడి తగ్గేలా ఏదైనా చేయమని 1915 జనవరిలో రష్యా కోరింది. జలసంధిని యుద్ధనౌకలతోనే ఛేదించి ఒట్టోమన్ రాజధానిని బెదిరించవచ్చన్న పథకాన్ని బ్రిటిషు నౌకాదళ మంత్రి విన్‌స్టన్ చర్చిల్ ముందుకు తెచ్చాడు.

నౌకాదళ దాడి ఫిబ్రవరి 19న మొదలైంది. మార్చి 18న బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధనౌకలు కలిసి చేసిన పెద్ద దాడి విఫలమైంది. నుస్రత్ అనే చిన్న ఒట్టోమన్ నౌక అంతకు పది రోజుల ముందు రహస్యంగా పరిచిపోయిన మందుపాతరల వరుసలో దాడి నౌకలు చిక్కుకున్నాయి. ఫ్రెంచి నౌక బువే, బ్రిటిషు నౌకలు ఇర్‌రెసిస్టిబుల్, ఓషన్ ఆ రోజే మునిగిపోయాయి. తీరంలోని కోటలను, ఫిరంగులను సైన్యం పట్టుకుంటే తప్ప మందుపాతరలను తొలగించడం కుదరదని అప్పుడు తేలింది.

జనరల్ సర్ ఇయాన్ హామిల్టన్ నాయకత్వంలో సుమారు 75,000 మందితో మధ్యధరా దండయాత్ర సైన్యం సిద్ధమైంది. అందులో బ్రిటిషు 29వ డివిజన్, రాయల్ నేవల్ డివిజన్, ఆస్ట్రేలియా-న్యూజిలాండ్ సంయుక్త దళం (ఆన్‌జాక్), ఒక ఫ్రెంచి దళం ఉన్నాయి. అవతల జర్మన్ సేనాని లీమన్ ఫాన్ జాండర్స్ నాయకత్వంలో ఒట్టోమన్ ఐదవ సైన్యం కాపు కాసింది. మార్చి దాడికీ ఏప్రిల్ దాడికీ మధ్య దొరికిన ఐదు వారాల్లో ఆ సైన్యం కందకాలు తవ్వి, ముళ్ల తీగలు కట్టి, దారులు బాగుచేసుకుంది.

1915 ఏప్రిల్ 25: తీరంలో దిగిన తీరు

హెలెస్‌లో దిగే బాధ్యత ప్రధానంగా 29వ డివిజన్‌ది. మొదటి రోజే అచీ బాబా కొండను పట్టుకోవాలన్నది లక్ష్యం. ఆన్‌జాక్ దళాలు ఉత్తరాన ఆరీ బుర్ను దగ్గర దిగాయి (చూ. ఆన్‌జాక్ కోవ్). ఫ్రెంచివారు శత్రువు దృష్టి మళ్లించడానికి ఆసియా ఒడ్డున కుమ్‌కలె దగ్గర దిగి, తర్వాత హెలెస్‌కు వచ్చి చేరారు.

తీరదాడి కోసమే తయారైన ప్రత్యేక పడవలు ఈ సైన్యం చేతిలో లేవు. సైనికులను తెరచిన తెడ్ల పడవల్లో కూర్చోబెట్టి, ఆవిరి లాంచీలతో ఒడ్డు దగ్గరి దాకా లాక్కొచ్చి వదిలేవారు. అక్కడి నుంచి నావికులు తెడ్లు వేసి ఒడ్డు చేర్చాలి. హెలెస్ చుట్టూ అయిదు చోట్లు ఎంచుకుని వాటికి ఇంగ్లీషు అక్షరాలతో గుర్తులు పెట్టారు.

ఎస్ తీరం: జలసంధి లోపలి వైపున, మోర్టో అఖాతం అంచున ఉంది. సౌత్ వేల్స్ బార్డరర్స్ దళం స్వల్ప నష్టంతో దిగి మిట్టను పట్టుకుంది.

వి తీరం: సెద్దుల్‌బహీర్ కోట పక్కన వంపు తిరిగిన సుమారు 300 మీటర్ల ఇసుక మేట. టర్కీ పేరు ఎర్తురుల్ అఖాతం. బొగ్గు రవాణా చేసే రివర్ క్లైడ్ అనే ఓడ పక్కలకు ద్వారాలు కోసి, అందులో సుమారు 2,000 మందిని నింపి ఒడ్డుకు తోలారు. ముందే అనుకున్న వంతెన పడవలు సరైన చోట నిలవలేదు. కమాండర్ ఎడ్వర్డ్ అన్విన్, అతని నావికులు నీళ్లలోకి దూకి, మెడలోతు నీటిలో నిలబడి ఆ పడవలను తాళ్లతో పట్టుకున్నారు. ద్వారాల్లోంచి బయటికి వచ్చిన రాయల్ మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్ సైనికులు, పక్కన తెరచిన పడవల్లో వచ్చిన రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్ సైనికులు చాలామంది ఒడ్డు చేరకముందే కూలిపోయారు. ఆకాశం నుంచి చూసిన విమాన దళ అధికారి చార్లెస్ సామ్సన్ ఒడ్డు పొడవునా నీరు ఎర్రబడి ఉందని నివేదించాడు. ఓడలో మిగిలినవారు చీకటి పడ్డాకే దిగగలిగారు. ఊరు, కోట, వాటి వెనకాల గుట్ట మరునాడు గానీ చేజిక్కలేదు.

డబ్ల్యు తీరం: హెలెస్ అగ్రానికి వాయవ్యంగా ఉంది. ముళ్ల తీగలను ఒడ్డునే కాక లోతులేని నీటిలో కూడా కట్టారు. లాంకషైర్ ఫ్యుజిలియర్స్ మొదటి బెటాలియన్ ఇక్కడ సగానికి పైగా నష్టపోయి తీరాన్ని పట్టుకుంది. ఈ ఒక్క పోరుకు ఆ బెటాలియన్‌కు ఆరు విక్టోరియా క్రాస్‌లు వచ్చాయి. తర్వాత ఈ చోటును లాంకషైర్ లాండింగ్ అన్నారు.

ఎక్స్ తీరం: గట్టు కింది సన్నని ఇసుక పట్టీ. ఇంప్లకబుల్ అనే యుద్ధనౌక ఒడ్డుకు బాగా దగ్గరగా వచ్చి కాల్పులు జరపడంతో రాయల్ ఫ్యుజిలియర్స్ దళం పెద్దగా నష్టం లేకుండా దిగింది.

వై తీరం: ఉత్తరాన కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. సుమారు 2,000 మంది ప్రతిఘటన లేకుండానే గట్టెక్కారు. వారికి నాయకుడెవరన్న విషయంలో ఇద్దరు అధికారులకు స్పష్టత లేదు, ముందుకు కదలాలన్న ఆదేశమూ రాలేదు. రాత్రి ఒట్టోమన్ దళాలు ఎదురుదాడి చేశాయి. మరునాడు దళమంతా మళ్లీ పడవలెక్కింది.

కాపు కాసిన ఒట్టోమన్ 26వ రెజిమెంటు దళాలు సంఖ్యలో చాలా తక్కువ. వి తీరాన్ని వారు రోజంతా నిలబెట్టుకోవడం మిత్రసేనల పథకాన్ని తలకిందులు చేసింది. అచీ బాబా కొండ ఆ రోజే కాదు, దండయాత్ర ముగిసే దాకా మిత్రసేనల చేతికి రాలేదు.

పోరాటం, నిష్క్రమణ

ఏప్రిల్ 28న, మే 6 నుంచి 8 దాకా, జూన్ 4న మిత్రసేనలు క్రిథియా గ్రామం కోసం మూడు దాడులు చేశాయి. ఒక్కో దాడిలో కొన్ని వందల మీటర్ల నేల దక్కింది, ఊరు మాత్రం దక్కలేదు. జూన్ 28 నుంచి జూలై 5 దాకా గల్లీ రవైన్ దగ్గర భీకర పోరు జరిగింది. వేసవిలో నీటి కొరత, ఈగలు, విరేచనాల వ్యాధి ఇరుపక్షాలనూ కుంగదీశాయి. తాగునీటిలో చాలా భాగాన్ని మిత్రసేనలు ఓడల్లో తెప్పించుకోవలసి వచ్చింది.

ఆగస్టు 6న ఉత్తరాన సువ్లా అఖాతంలో కొత్త దళాలు దిగినా ప్రతిష్టంభన వీడలేదు. అక్టోబరులో హామిల్టన్‌ను వెనక్కి పిలిచారు. అతని స్థానంలో వచ్చిన సర్ చార్లెస్ మన్రో నిష్క్రమణకు సిఫారసు చేశాడు. ఆన్‌జాక్, సువ్లా ప్రాంతాలను డిసెంబరు 19, 20 తేదీల మధ్య రాత్రి ఖాళీ చేశారు. హెలెస్‌లో చివరి దళాలు 1916 జనవరి 8 రాత్రి కదిలి 9 తెల్లవారుజాముకు ఓడలెక్కాయి. దండయాత్ర మొత్తంలో పథకం ప్రకారం నెరవేరిన పెద్ద పని ఈ నిష్క్రమణే.

మృతుల లెక్కలు ఆధారాన్ని బట్టి మారతాయి. మిత్రపక్షంలో సుమారు 44,000 మంది, ఒట్టోమన్ పక్షంలో సుమారు 86,000 మంది చనిపోయారన్నది విస్తృతంగా వాడుకలో ఉన్న అంచనా. ఒట్టోమన్ సైనికుల్లో టర్కులతో పాటు అరబ్బులు, కుర్దులు కూడా ఉన్నారు.

సమాధుల గుర్తింపు, భూమి ఏర్పాట్లు

మృతుల రికార్డుల కోసం, సమాధుల సంరక్షణ కోసం 1917 మే 21న రాజశాసనం ద్వారా ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఏర్పడింది. దాని స్థాపనకు మూలకారకుడు ఫేబియన్ వేర్. 1960లో పేరు మారి కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అయింది. 1918 అక్టోబరు 30న ముద్రోస్ సంధితో ఒట్టోమన్‌లతో యుద్ధం ముగిశాక గల్లిపోలిలో సమాధుల వెతుకులాట మొదలైంది. సైన్యం వదిలిపోయి అప్పటికి దాదాపు మూడేళ్లయింది. కర్ర గుర్తులు చాలావరకు మాయమయ్యాయి. ఇరు సేనల కందకాల నడుమ పడిపోయినవారిని యుద్ధకాలంలో ఎవరూ పూడ్చలేకపోయారు. వారి అవశేషాలకు పేర్లు పెట్టగల ఆధారం మిగల్లేదు.

ద్వీపకల్పంలో కమిషన్ నిర్వహించే 31 శ్మశానాల్లో సుమారు 22,000 సమాధులున్నాయి. వాటిలో పేరు తెలిసినవి సుమారు 9,000 మాత్రమే. మరో 14,000 మంది అవశేషాలు దొరకనే లేదు. పేరు తెలియని సమాధుల్లో ఉన్నవారినీ, అసలు దొరకనివారినీ కలిపి స్మరించడానికి హెలెస్ వంటి నామఫలక స్మారకాలు అవసరమయ్యాయి.

స్మారకం నిలిచిన నేల టర్కీది. 1923 జూలై 24న కుదిరిన లొసాన్ ఒప్పందంలో సమాధుల గురించి ప్రత్యేక అధికరణలున్నాయి. శ్మశానాలకు, స్మారకాలకు కావలసిన స్థలాన్ని శాశ్వతంగా వినియోగానికి ఇవ్వడానికి టర్కీ అంగీకరించింది. సార్వభౌమాధికారం టర్కీ దగ్గరే ఉంది. దాడిచేసి ఓడిన సైన్యపు స్మారకం, గెలిచిన దేశపు గడ్డమీద, ఆ దేశం సమ్మతితో నిలవడానికి చట్టపరమైన ఆధారం ఈ ఒప్పందమే.

నిర్మాణ స్వరూపం

స్మారకం కేంద్రభాగం ఒక ఒబెలిస్కు. నాలుగు పలకలుగా లేచి, పైకి పోయేకొద్దీ సన్నబడే రాతి స్తంభాన్ని ఒబెలిస్కు అంటారు. దీని ఎత్తు 30 మీటర్లకు పైన. ఎత్తయిన పీఠం మీద స్తంభం, దాని చుట్టూ ఆవరణ గోడ ఉన్నాయి. పీఠం మీద దండయాత్రలో పాల్గొన్న నౌకల పేర్లు, సైనిక దళాల పేర్లు ఉన్నాయి. మృతుల పేర్లు గోడ పలకలపై వరుసగా సాగుతాయి. దూరంగా ఓడ మీద ఉన్నవారికి స్తంభం ఒక్కటే కనిపిస్తుంది. ఆవరణలోకి అడుగుపెట్టినవారికి కంటి ఎత్తున పేర్లు ఎదురవుతాయి.

రూపశిల్పి సర్ జాన్ జేమ్స్ బర్నెట్ (1857–1938) గ్లాస్గోలో పుట్టాడు. గల్లిపోలిలోనూ, పాలస్తీనాలోనూ కమిషన్‌కు ప్రధాన వాస్తుశిల్పిగా పనిచేశాడు. లోన్ పైన్ స్మారకం, జెరూసలేం యుద్ధ శ్మశానం కూడా అతని రూపకల్పనలే. ఈజిప్టులో సూయజ్ కాలువ దగ్గర పోర్ట్ తౌఫీక్‌లో భారతీయ సైనికుల కోసం స్మారకాన్ని రూపొందించింది కూడా బర్నెట్టే. అది తర్వాతి కాలపు అరబ్-ఇజ్రాయెల్ యుద్ధాల్లో ధ్వంసమైంది.

గల్లిపోలి నేల జారుడు స్వభావం గలది, వానాకాలంలో కోతకు గురవుతుంది. అందువల్ల ఫ్రాన్స్, బెల్జియం శ్మశానాల్లో కనిపించే నిలువు సమాధి రాళ్లకు బదులు ఇక్కడ నేలకు దగ్గరగా ఏటవాలు పలకలు అమర్చారు. కమిషన్ శ్మశానాల్లో నిలిపే త్యాగశిలువను (క్రాస్ ఆఫ్ సాక్రిఫైస్) కూడా విడిగా నిలబెట్టకుండా గోడలో భాగంగా కట్టారు.

శాసనం, పేర్ల అమరిక

స్మారకం దగ్గరి శాసనం ప్రకారం ఇది సమాధి తెలియని, లేదా గల్లిపోలి జలాల్లో మరణించిన, సముద్రంలో ఖననమైన 20,763 మంది స్మారకం. వారిలో బ్రిటన్‌కు చెందినవారు 18,985 మంది, ఆస్ట్రేలియన్లు 248 మంది, భారత సైన్యానికి చెందినవారు 1,530 మంది.

బ్రిటిషు, భారత సైన్యాల విషయంలో ద్వీపకల్పంలో ఎక్కడ చనిపోయినా పేరు హెలెస్‌లోనే ఉంటుంది. ఆస్ట్రేలియన్ల విషయంలో హెలెస్ ప్రాంతంలో చనిపోయినవారి పేర్లే ఇక్కడున్నాయి. మే నెలలో క్రిథియా రెండవ దాడికి ఆన్‌జాక్ నుంచి తాత్కాలికంగా పంపిన బ్రిగేడు నష్టాలే ఇందుకు ముఖ్య కారణం. ఆన్‌జాక్ ప్రాంతపు మృతుల పేర్లు లోన్ పైన్, హిల్ 60, చునుక్ బయిర్ స్మారకాలపై, హెలెస్‌లో చనిపోయిన న్యూజిలాండ్‌వారి పేర్లు ట్వెల్వ్ ట్రీ కాప్స్ స్మారకంపై ఉన్నాయి. సముద్రంలో పోయిన బ్రిటిషు నావికుల పేర్లు చాలావరకు పోర్ట్స్‌మత్, ప్లిమత్, చాటమ్ నౌకా స్మారకాలకు చేరాయి.

కమిషన్ స్మారకాల్లో పేర్లు ఒక క్రమంలో ఉంటాయి. ముందు దళం, దాని కింద హోదా, హోదా కింద అక్షరక్రమం. ప్రతి పలకకు ఒక సంఖ్య ఉంటుంది. మృతుడి దళం తెలిస్తే రిజిస్టరులో పలక సంఖ్య చూసి గోడ దగ్గర పేరు పట్టుకోవచ్చు. తర్వాతి కాలంలో ఎవరి అవశేషాలైనా దొరికి, గుర్తింపు ఖాయమై, పేరుతో సమాధి ఏర్పడితే స్మారకం మీది పేరును తొలగించడం కమిషన్ విధానం. పొరపాటున వదిలేసిన పేర్లు బయటపడితే చేరుస్తారు. అందువల్ల ఇటువంటి స్మారకాల మీది మొత్తం సంఖ్య కాలాన్ని బట్టి కొద్దిగా మారుతుంది.

ఇక్కడ పేరున్న ప్రసిద్ధుల్లో ఇంగ్లండు భౌతికశాస్త్రవేత్త హెన్రీ మోస్లీ ఒకడు. మూలకాల ఎక్స్-కిరణ వర్ణపటాలను కొలిచి, పరమాణు సంఖ్యకు ప్రయోగపూర్వకమైన పునాది వేసిన ఇతడు 1915 ఆగస్టు 10న 27 ఏళ్ల వయసులో చనిపోయాడు. విక్టోరియా క్రాస్ పొందిన ఆర్థర్ టిస్‌డాల్, జెరాల్డ్ ఓసల్లివన్, సర్ జాన్ మిల్‌బాంక్ పేర్లు కూడా ఇక్కడున్నాయి.

భారత సైన్యం

గల్లిపోలిలో సుమారు 16,000 మంది భారత సైనికులు పనిచేశారు. వారిని మూడు వర్గాలుగా చెప్పవచ్చు.

పదాతి దళం: వాన్ కాక్స్ నాయకత్వంలోని 29వ భారత పదాతి బ్రిగేడు 1915 మే 1న హెలెస్‌కు చేరింది. మొదట ఇందులో 14వ సిక్కులు, 69వ, 89వ పంజాబీలు, 6వ గూర్ఖా రైఫిల్స్ మొదటి బెటాలియన్ ఉన్నాయి. పంజాబీ బెటాలియన్లలో ముస్లిం సిపాయిలు ఎక్కువగా ఉన్నారు. ముస్లింలకు ఖలీఫా అయిన ఒట్టోమన్ సుల్తాను సైన్యంతో వారిని తలపడనివ్వడం మంచిది కాదని అధికారులు భావించి, మే నెలలోనే ఆ రెండు దళాలను తరలించారు. వారి స్థానంలో మరిన్ని గూర్ఖా బెటాలియన్లు వచ్చాయి. మే 12న గూర్ఖాలు పడమటి తీరంలోని ఒక గట్టును పట్టుకున్నారు. దానికి గూర్ఖా బ్లఫ్ అని పేరు వచ్చింది. జూన్ 4న గల్లీ రవైన్ దగ్గర జరిగిన దాడిలో 14వ సిక్కులు ఒక్క రోజులోనే తమ బలంలో అధిక భాగాన్ని కోల్పోయారు. ఆగస్టు 9న 6వ గూర్ఖాలు సారీ బయిర్ శిఖరపంక్తి అంచుకు చేరినా నిలవలేకపోయారు.

పర్వత ఫిరంగి దళం: 21వ కోహాట్, 26వ జాకబ్స్ బ్యాటరీలు ఏప్రిల్ 25న ఆన్‌జాక్ దళాలతో పాటు దిగాయి. విడదీసి కంచర గాడిదల మీద మోయగల తేలిక ఫిరంగులు వీటివి. ఈ బ్యాటరీల్లో పంజాబీ ముస్లింలు, సిక్కులు కలిసి పనిచేశారు.

రవాణా, వైద్య దళాలు: కందకాలకు నీరు, తూటాలు, తిండి చేరవేసింది భారత కంచర గాడిదల బండ్ల దళం. కాల్పుల మధ్య రాత్రింబవళ్లు నడిచిన ఈ బండ్లు లేకపోతే ముందువరుసలు నిలిచేవి కావు. భారత క్షేత్ర వైద్యశాలలు కూడా ఇక్కడ పనిచేశాయి.

ద్వీపకల్పపు శ్మశానాల్లో భారతీయుల పేర్లున్న సమాధులు చాలా కొద్ది. అందువల్ల గల్లిపోలిలో వారి ప్రధాన స్మృతిచిహ్నం హెలెస్ గోడే. సుబేదారు, జమేదారు, హవల్దారు, నాయక్, సిపాయి, కంచర గాడిదల డ్రైవరు వంటి హోదాలవారిని ఇక్కడ పేర్లతో సహా నమోదు చేశారు. ఇది అన్ని చోట్లా జరగలేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకంపై బ్రిటిషు సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కి, మిగిలిన భారతీయ సైనికులను దళానికి ఎంతమందో సంఖ్యగా మాత్రమే పేర్కొన్నారు. యుద్ధ మృతుల స్మరణలో ఇటువంటి అసమానతలు జరిగాయని కమిషన్ నియమించిన ప్రత్యేక సంఘం 2021 నివేదికలో ఒప్పుకుంది.

పరిసర స్మారకాలు

వి తీర శ్మశానం: ఏప్రిల్ 25న రివర్ క్లైడ్ నిలిచిన ఇసుక మేటకు ఆనుకుని ఉంది. సుమారు 700 మంది ఇక్కడ ఉన్నారు, వారిలో ఎక్కువమంది పేర్లు తెలియవు. రివర్ క్లైడ్ ఓడను 1919లో తేల్చి, మరమ్మతు చేసి స్పెయిన్‌కు అమ్మారు. అది 1966 దాకా సరుకు ఓడగా నడిచింది.

లాంకషైర్ లాండింగ్ శ్మశానం: డబ్ల్యు తీరం పైన ఉంది. యుద్ధకాలంలోనే ఏర్పడి వినియోగంలో ఉన్నందువల్ల ఇక్కడి సమాధుల్లో ఎక్కువ వాటికి పేర్లున్నాయి.

ఫ్రెంచి యుద్ధ శ్మశానం: మోర్టో అఖాతం పైన ఉంది. పేరున్న సమాధులతో పాటు పేరు తెలియనివారి ఎముకలను భద్రపరచిన నాలుగు అస్థికా మందిరాలున్నాయి. ఫ్రెంచి సేనలో సెనెగల్, ఉత్తర ఆఫ్రికా సైనికులు గణనీయంగా ఉన్నారు.

చనక్కలె అమరవీరుల స్మారకం: మోర్టో అఖాతపు తూర్పు కొసన నాలుగు స్తంభాల మీద కప్పుతో నిలిచిన టర్కీ జాతీయ స్మారకం. ఎత్తు 41.7 మీటర్లు. నిర్మాణం 1954లో మొదలైంది, స్మారకం 1960 ఆగస్టు 21న ప్రారంభమైంది.

యహ్యా చావుష్ స్మారకం: వి తీరాన్ని కాచిన ఒట్టోమన్ సార్జెంటు యహ్యా, అతని సైనికుల స్మృతిలో ఆ తీరం పైగట్టు మీద నెలకొల్పారు.

కొద్ది కిలోమీటర్ల వ్యవధిలో దాడిచేసినవారివి, కాపాడుకున్నవారివి స్మారకాలు ఎదురెదురుగా ఉండటం ఈ ప్రాంతపు విశేషం. ఈ ప్రాంతాన్నంతా 1973లో టర్కీ ప్రభుత్వం చారిత్రక జాతీయ ఉద్యానంగా ప్రకటించింది. 2014లో పాలనను ప్రత్యేక చారిత్రక స్థల వ్యవస్థ కిందికి మార్చింది.

స్మరణోత్సవాలు

గల్లిపోలి స్మరణలు ఏటా మూడు తేదీల చుట్టూ జరుగుతాయి. మార్చి 18ని టర్కీ చనక్కలె విజయ దినంగా, అమరవీరుల దినంగా పాటిస్తుంది. ఏప్రిల్ 24న టర్కీ స్మారకం దగ్గర, ఫ్రెంచి శ్మశానంలో, హెలెస్ స్మారకం దగ్గర వరుసగా కార్యక్రమాలు జరుగుతాయి. హెలెస్‌లో జరిగేది కామన్‌వెల్త్, ఐర్లండ్ సంయుక్త కార్యక్రమం. ఏప్రిల్ 25 తెల్లవారుజామున ఆన్‌జాక్ ప్రాంతంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కార్యక్రమం జరుగుతుంది.

హెలెస్ కార్యక్రమంలో ఐర్లండ్ పేరును విడిగా చేర్చడానికి చారిత్రక కారణముంది. వి తీరంలో అత్యధికంగా నష్టపోయిన మన్‌స్టర్, డబ్లిన్ దళాలు ఐరిష్ దళాలు. ఐర్లండ్ స్వతంత్రమయ్యాక బ్రిటిషు సైన్యంలో చనిపోయినవారి స్మరణ ఆ దేశంలో చాలాకాలం మరుగున పడింది. ఇరవయ్యో శతాబ్దం చివరి దశకాల్లో ఆ వైఖరి మారింది. 2015లో శతవార్షిక కార్యక్రమానికి ఐర్లండ్ అధ్యక్షుడు మైఖేల్ డి. హిగ్గిన్స్, బ్రిటిషు యువరాజు చార్లెస్ హాజరయ్యారు.

ప్రాముఖ్యత

సైనిక చరిత్రలో: ఆధునిక ఆయుధాలు మోహరించిన తీరంపై సముద్రం నుంచి సైన్యాన్ని దింపడానికి జరిగిన తొలి భారీ ప్రయత్నాల్లో గల్లిపోలి ఒకటి. ప్రత్యేక పడవలు లేకపోవడం, నౌకల కాల్పులకు సైన్యం కదలికలకు పొత్తు కుదరకపోవడం, వై తీరంలో వలె దొరికిన అవకాశాన్ని అందుకునే ఆదేశ వ్యవస్థ లేకపోవడం వైఫల్యానికి ప్రధాన కారణాలుగా తేలాయి. బ్రిటన్‌లో డార్డనెల్స్ విచారణ సంఘం వీటిని పరిశీలించింది. అమెరికా మెరైన్ కోర్ 1920, 30 దశకాల్లో ఈ దండయాత్రను క్షుణ్ణంగా అధ్యయనం చేసి, 1934లో తీరదాడుల నియమావళిని రూపొందించింది. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల దాడులకు ఈ అధ్యయనం తోడ్పడింది.

జాతీయ చరిత్రల్లో: టర్కీకి ఇది సామ్రాజ్యం చివరి దశలో దక్కిన పెద్ద విజయం. ఆన్‌జాక్ రంగంలో 19వ డివిజన్‌ను నడిపిన ముస్తఫా కెమాల్ తర్వాత టర్కీ గణతంత్ర స్థాపకుడయ్యాడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఏప్రిల్ 25 జాతీయ స్మారక దినమైంది. భారతదేశంలో గల్లిపోలి జ్ఞాపకం సిక్కు, గూర్ఖా రెజిమెంట్ల చరిత్రలకే చాలాకాలం పరిమితమైంది. శతవార్షికం సందర్భంగా వెలువడిన పరిశోధనలు భారతీయుల పాత్రను విస్తృతంగా వెలుగులోకి తెచ్చాయి.

స్మారక సంప్రదాయంలో: హెలెస్ విజయచిహ్నం కాదు. దాని శాసనంలో గెలుపు ప్రస్తావన లేదు. పాల్గొన్న నౌకలు, దళాలు, చనిపోయినవారి పేర్లు, వారి సంఖ్య ఉన్నాయి. పాత యుద్ధ స్మారకాలు రాజులను, సేనానులను కీర్తించేవి. సామాన్య సైనికుడిని కూడా పేరుతో గుర్తించాలన్న సూత్రం మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే స్థిరపడింది. ఆ సూత్రాన్ని వలస సైన్యంలోని సిపాయికి కూడా వర్తింపజేసిన స్మారకాల్లో హెలెస్‌కు ముఖ్య స్థానముంది.

ఇవి కూడా చూడండి

ఆన్‌జాక్ కోవ్, గల్లిపోలి దండయాత్ర, చనక్కలె అమరవీరుల స్మారకం, డార్డనెల్స్ జలసంధి, బస్రా స్మారకం, భారత సైన్యం, మొదటి ప్రపంచ యుద్ధం, లొసాన్ ఒప్పందం, లోన్ పైన్ స్మారకం.